రేవు దాకా వచ్చిన రైలు

దరియాలతిప్పకి రైలు రాలేదు. ఆ మాటకొస్తే యానాం మొత్తానికే రాలేదు. ఫ్రెంచివాళ్ల చేతిలో చివరిదాకా మిగిలిన ఐదు ఊళ్లనీ వరసగా చూడండి. కలకత్తాకి ఎగువనున్న చందర్‌నగర్ 1854లో మొదలైన హౌరా–హుగ్లీ లైను మీదే ఉంది. పుదుచ్చేరికి 1879లో విల్లుపురం నుంచి పట్టాలొచ్చాయి. కారైక్కాల్‌కి 1898లో పేరళం నుంచి వేశారు. మాహే పేరు పెట్టుకున్న స్టేషన్ ఆ ఊరి పొలిమేర పక్కనే ఉంది. ఈ ఐదింటిలో రైలు ముఖం చూడనిది యానాం ఒక్కటే. ఒక పక్క గౌతమీ గోదావరి, ఇంకో పక్క దాన్నుంచి విడిపోయే కోరంగి ఏరు, కిందకి పోతే మడ అడవులు, ఆపైన సముద్రం. అలాంటి చోట దరియాలతిప్ప ఉంది. పడవా వలా ఎరిగిన ఊరు అది. దూరం పోవాలంటే ముందు నీటి సంగతి ఆలోచించాల్సిన ఊరు.

ఈ వైపు వాళ్లకి దగ్గర్లో ఉన్న రైలు అంటే కోటిపల్లి రైలు. కాకినాడలో బయల్దేరి, కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 45 కిలోమీటర్లు వరిచేల మధ్య నడిచి, గౌతమి ఒడ్డున కోటిపల్లిలో ఆ లైను అయిపోతుంది. అవతల ఏరు, ఏటి అవతల ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి కోనసీమ. రైలు దిగిన మనిషి ఇంటికి చేరలేదు, రేవుకి చేరాడంతే. రైలూ రేవూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిపిన ఆ ప్రయాణపు బతుకు గోదావరి జిల్లాలో రెండుసార్లు పుట్టింది. రెండుసార్లూ పోయింది. మొదటిసారి యుద్ధం మింగేసింది, రెండోసారి కరోనా ఆపేసింది. రెండోసారి పోయినదాన్ని మళ్లీ నిలబెట్టుకోవడం మన చేతుల్లోనే ఉంది కాబట్టి, అదెలా ఉండేదో ఇప్పుడే చెప్పుకోవడం మంచిది.

రైలు రాకముందు ఈ డెల్టాలో ప్రయాణమంటే పడవే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలవలు పొలాలకి నీళ్లివ్వడంతో పాటు మనుషుల్నీ ధాన్యాన్నీ మోశాయి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద నడిచే మనుషుల భుజాల మీద తాడు. కాకినాడకి ధాన్యమైనా, కోనసీమ కొబ్బరికాయలైనా, పెళ్లివారైనా అదే దారి. ఏటి చివరనున్న పల్లెలకి కాలవతో పాటు సముద్రపు పోటూపాటూ తోడుండేవి. పోటు మీద ఎగువకి, పాటు మీద దిగువకి. టైము చూసుకుని పడవ విప్పేవాళ్లు కాదు, నీళ్లు చూసుకుని విప్పేవాళ్లు.

పక్కనే ఉన్న కోరంగి ఒకనాడు ఓడలు కట్టిన రేవు పట్టణం. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. ఏటి ముఖం పూడిపోతూ రావడంతో ఆ రేవు మళ్లీ తేరుకోలేదు. వ్యాపారం కాకినాడకి తరలిపోయింది. కాకినాడ రేవుకి సామర్లకోట నుంచి రైలొచ్చింది. రేవూ రైలూ ఒకచోట కలిసినప్పుడు చుట్టూ ఉన్న పంట అంతా అటే నడుస్తుంది. మరి రామచంద్రపురం చుట్టుపక్కల వడ్లూ, ద్రాక్షారామం భీమేశ్వరుడి దగ్గరికి వచ్చే యాత్రికులూ, ఏటి అవతలి కోనసీమ కొబ్బరీ, ఇవన్నీ ఎన్నాళ్లు కాలవ పడవల మీద కాకినాడ చేరతాయి? 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి బ్రాంచి లైను తెరిచారు. అప్పట్లో ఈ తీరంలో రైళ్లు నడిపేది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ. కొండలు తవ్వాల్సిన పని లేదు కానీ, మెత్తటి రేగడిలో కట్ట పోసి, అడుగడుక్కీ అడ్డమొచ్చే కాలవల మీద వంతెనలు వేసుకుంటూ రావలసిన లైను అది.

ఆ లైను నడిచిన రోజుల్లో యానాం కూడా మామూలుగా లేదు. 1929లో శారదా చట్టం చేశారు, మరుసటి ఏడు ఏప్రిల్లో అమల్లోకి తెచ్చారు. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లకీ పద్దెనిమిదేళ్ల లోపు మగపిల్లవాడికీ పెళ్లి చేస్తే బ్రిటిష్ ఇండియాలో నేరం. యానాంలో ఫ్రెంచి చట్టం. అంతే, చుట్టుపక్కల జిల్లాల పెళ్లిబృందాలు బాల్యవివాహాలు జరిపించడానికి సన్నాయి మేళాలతో సహా యానాం దారి పట్టాయి. జనం ఊరికి కల్యాణపురం అని పేరు కూడా పెట్టేశారు. దీన్ని ముచ్చటగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పసిపిల్లల మెడలో తాళి కట్టించడానికి సరిహద్దు దాటిన ఆ ప్రయాణాలని ముచ్చటగా చెప్పుకోకపోవడమే మంచిది. మంగళవారం సంతకి వచ్చే జనం సంగతి వేరు. సుంకం లేని విదేశీ సరుకు కోసం, గుడ్డల కోసం ఇంగ్లీషు ఇలాకా నుంచి వచ్చి సంచీలు నింపుకుని పోయేవాళ్లు. ఇంతమంది వచ్చిపోయే ఊరికి ఎగువగా కాకినాడ రైలు వెళ్లింది గానీ, ఫ్రెంచి సరిహద్దు మాత్రం దాటలేదు.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో కోటిపల్లి లైను పట్టాలు పీకేశారు. యుద్ధానికి వేరేచోట్ల ఇనుము కావాలి. మరో దారి మీద తిరగడానికి వీలున్న బ్రాంచి లైన్ల మీద ప్రభుత్వం చెయ్యి వేసింది. కోటిపల్లి ఒక్కటే కాదు. కేరళలో షోరనూర్–నిలంబూర్ లైను 1941లో ఊడదీశారు. హిమాచల్‌లో, ధౌలాధార్ మంచుకొండల కింద నడిచే కాంగ్డా లోయ రైలుకి నగ్రోటా నుంచి జోగీందర్‌నగర్ దాకా ఉన్న పట్టాలు కూడా ఆ యుద్ధకాలంలోనే లేపేశారు. ఎక్కడ హిమాలయం, ఎక్కడ గోదావరి లంకలు! రెండు చోట్లా ఒకే యుద్ధం ఒకే పని చేసింది. తేడా ఎక్కడంటే, నిలంబూర్‌కీ జోగీందర్‌నగర్‌కీ 1954లో మళ్లీ రైలొచ్చింది. అదే 1954లో యానాం ఫ్రెంచివాళ్ల నుంచి బయటపడింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపిన దళం ఊళ్లోకి వచ్చింది, నవంబరు 1న పాలన చేతులు మారింది. సరిహద్దు పోయింది, సుంకపు నాకాలు పోయాయి. కోటిపల్లికి రైలు మాత్రం తిరిగి రాలేదు. 2004 దాకా రాలేదు. అరవై నాలుగేళ్లు. స్వతంత్ర దేశంలో ఒక ప్రాంతం తనకి అంతకుముందే ఉన్న రైలు కోసం ఇంతకాలం కాచుకోవలసి రావడం అన్యాయమే.

ఆ అరవై నాలుగేళ్లూ ఈ ప్రాంతాన్ని మోసింది పంటు.

కోనసీమ వాళ్లకి పంటు గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం చెప్పాలి. మొదట్లో రెండు నావల్ని పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిచేవారు. తర్వాత ఇంజను బిగించిన ఇనప పంట్లు వచ్చాయి. ఒడ్డుకి ఆనగానే బల్ల వాలుస్తారు. ముందు సైకిళ్లు, తర్వాత మోటారు సైకిళ్లు, ఆపైన జీపో, కారో, మేకలో, అరటిగెలలో. మనుషులు మాత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడాలి. "జరగండి బాబూ, జరగండి, అమ్మగారికి చోటివ్వండి" అని అరుస్తూ టిక్కెట్లు కోసేవాడు అందరి మధ్యనుంచీ దూరి వస్తాడు. ఒడ్డున ఉన్నవాడు చెయ్యెత్తి "ఆయ్, వచ్చేత్తన్నానండీ, ఆపండి" అంటే సగం కదిలిన పంటు ఆగేది. రేవు ఎవరు నడపాలో ఏటా వేలం పాటలో తేలేది. పాట ఎంతకి పోయిందన్నది ఆ చుట్టుపక్కల ఊళ్లలో పంట ధరతో సమానంగా చర్చించుకునే విషయం.

యానాం దగ్గర రేవు దాటితే ఎదుర్లంక. కాకినాడ బస్సు యానాంలో దింపేస్తుంది. పంటెక్కి దాటి, అవతల మురమళ్ల, ముమ్మిడివరం మీదుగా అమలాపురం పోయే బస్సు పట్టుకోవాలి. ఎగువన కోటిపల్లి దగ్గర దాటితే ముక్తేశ్వరం. ఎండాకాలం ఏరు చీలిపోయి ఇసుకమేటలు తేలతాయి. అప్పుడు ఇసుక మీద దారి వేసి, లోతున్న పాయ వరకే పంటు నడిపేవారు. మండుటెండలో ఆ ఇసుకలో నడిచిన కాళ్లకి ఇప్పటికీ ఆ మంట గుర్తుండే ఉంటుంది. వరదొస్తే అసలు దాటడమే లేదు. ఎర్రనీళ్లు గట్టుకి ఎక్కుతుంటే పంట్లు కట్టేసేవారు. పురుటి నొప్పులైనా, పాము కాటైనా, పరీక్షైనా ఈ ఒడ్డునే. పాత రోజులన్నీ తియ్యగా ఉండేవని రాయడం సులువే గానీ, వరద రోజుల్లో ఆ ఒడ్డున కూర్చున్నవాళ్లని అడిగితే ఆ మాట అనరు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను యానాన్నీ కోనసీమనీ కుదిపేసినప్పుడు, రేవు తప్ప దిక్కులేని ఊళ్ల పరిస్థితి లోకానికి తెలిసింది.

అయినా ఆ రేవులో ఒక సుగుణం ఉండేది. ఆగడం. పంటు వచ్చేదాకా ఆగాలి కాబట్టి జనం మాట్లాడుకునేవారు. దరియాలతిప్ప, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకొచ్చిన ఆడవాళ్లకి అదే సగం బజారు. వర్షాకాలంలో ఎర్రనీటికి ఎదురీదుతూ పులస చేప సముద్రం నుంచి ఈ పల్లెల ముందునుంచే ఎగువకి వెళ్తుంది, ధవళేశ్వరం దాకా. పుస్తెలమ్మైనా పులస తినాలన్న జనం ఉన్న నేల ఇది. ఆ రోజుల్లో రేవులో తట్ట దింపితే చుట్టూ మూగిన మనుషుల మధ్య తట్ట కనిపించేది కాదు. బేరం, పలకరింపు, సంబంధాల వాకబు, ఎవరి ఊళ్లో ఎవరు పోయారన్న కబురు, అన్నీ ఏటి దరినే జరిగిపోయేవి.

ఎదుర్లంకలో 1951లో పుట్టిన ఒక కుర్రవాడు పెరిగి పెద్దవాడై 1998లో లోక్‌సభ స్పీకరయ్యాడు. గంటి మోహనచంద్ర బాలయోగి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. యానాం రేవుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఊళ్లో పుట్టినవాడికి ఏరు దాటడం ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. యానాం–ఎదుర్లంక వంతెన కోసం, ఊడదీసిన కోటిపల్లి లైను కోసం, దాన్ని ఏరు దాటించి అమలాపురం మీదుగా నరసాపురం దాకా తీసుకెళ్లడం కోసం ఆయన పట్టుబట్టారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. అదే ఏడు వంతెన మీద బస్సులు తిరగడం మొదలైంది. వంతెనకి ఆయన పేరే పెట్టారు. యానాం రేవులో పంటు కోసం కాచుకునే జనం పలచబడిపోయారు. కాకినాడ నుంచి అమలాపురం బస్సు ఏటి మీదుగా నేరుగా పోతుంటే రేవులో ఆగేదెవరు? వంతెన వచ్చినందుకు ఈ నేల మీద ఒక్కరు కూడా బాధపడి ఉండరు, పడకూడదు కూడా. రేవు చుట్టూ అల్లుకున్న బతుకుల గురించి మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

2004లో కోటిపల్లికి రైలు తిరిగొచ్చింది. ఈసారి కోటిపల్లి లైనంటే అందరికీ గుర్తొచ్చేది రైలుబస్సు. ఇంజనూ పెట్టే ఒకటే. పట్టాల మీద నడిచే ఒంటరి బస్సు. మధుర–బృందావనం లాంటి కొన్ని చోట్ల తప్ప ఇలాంటిది దేశంలో చాలామంది చూసి ఉండరు.

రైలుబస్సు ప్రయాణం ఎలా ఉండేదో దగ్గరగా చూడాలి. ఒకే ఒక బండి తిరిగే లైను కాబట్టి సిగ్నళ్ల హడావుడి లేదు. పల్లె రోడ్డు అడ్డమొచ్చిన చోట బండి ముందు ఆగుతుంది. అందులోనే వస్తున్న సిబ్బంది ఒకరు దిగి వెళ్లి గేటు వేస్తారు. బండి నెమ్మదిగా రోడ్డు దాటి మళ్లీ ఆగుతుంది. గేటు తీసేసి ఆయన పరుగున వచ్చి ఎక్కుతాడు. అవతల ఆగిన ట్రాక్టరువాడికీ ఈ కిటికీలో కూర్చున్నవాళ్లకీ మధ్య ఈలోగా నాలుగు మాటలు జరిగిపోతాయి. మళ్లీ కొంచెం దూరం పోయేసరికి ఇంకో గేటు. ఊరికి ఒకటో రెండో గేట్లున్న డెల్టాలో 45 కిలోమీటర్లు ఇలా నడిస్తే ఎంత సేపు పడుతుందో ఊహించుకోవచ్చు. ఆర్టీసీ బస్సు రామచంద్రపురం ముందే చేరిపోయేది. చార్జీ మాత్రం రైలుబస్సుకే తక్కువ.

ఆ తక్కువ చార్జీ ఎవరికి ముఖ్యమో వాళ్లే ఎక్కారు. కాకినాడలో కాలేజీకి పోయే పిల్లలు, పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్లు, కూరగాయల గంపలతో ఆడవాళ్లు, ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి చూసి కోటిపల్లి సోమేశ్వరస్వామి దగ్గర ఏట్లో మునగాలనుకునే యాత్రికులు. సెలవు రోజుల్లో పిల్లలకి రైలు చూపించడానికని పనిలేకపోయినా ఎక్కించుకెళ్లిన తల్లిదండ్రులూ ఉన్నారు. కిటికీలోంచి చెయ్యి చాపితే కంకులు తగులుతాయేమో అన్నంత దగ్గరగా చేలు. నాట్ల కాలంలో వంగి నాటుతున్న ఆడవాళ్లు నడుం ఎత్తి చెయ్యూపేవారు. కోతల కాలంలో కుప్పల వాసన. దాళ్వా పోసే రోజుల్లో కాలవ నిండా నీళ్లు. విశాఖ ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి చూసిన గోదావరి జిల్లా వేరు, ఇది వేరు. అక్కడ కనిపించేది దృశ్యం. ఇక్కడ గట్టు మీద నిలబడ్డవాడు ఎవరి తాలూకో బండిలో ఎవరో ఒకరు చెప్పేవారు.

కోటిపల్లిలో దిగితే ఏటిగాలి. స్టేషన్ దగ్గర పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఒక ప్లాట్‌ఫారం, ఒక చిన్న కట్టడం, చుట్టూ చెట్లు. అక్కణ్ణుంచి గట్టు, గట్టు దిగితే రేవు, రేవులో పంటు. యానాం దగ్గర వంతెనొచ్చాక పోయిన బతుకు ఇక్కడ ఇంకా నడుస్తూనే ఉండేది. రైలు దిగినవాడు పంటెక్కేవాడు, ముక్తేశ్వరం వైపు నుంచి పంటు దిగినవాడు రైలెక్కేవాడు. 1928లో లైను వేసినవాళ్లు ఏం ఊహించుకున్నారో, అది ఇరవై ఒకటో శతాబ్దంలో ఒక చిన్న రైలుబస్సు రూపంలో కళ్లముందు జరిగింది. 2003 గోదావరి పుష్కరాలకి ఈ లైనింకా తయారు కాలేదు. 2015 జూలైలో మళ్లీ పుష్కరాలొచ్చేసరికి కోటిపల్లి రేవుకి పట్టాలున్నాయి. శివరాత్రి తీర్థానికైతే చెప్పే పనే లేదు, కోటిపల్లి దారులన్నీ జనమే.

2020 మార్చిలో కరోనా వచ్చి దేశంలో ప్యాసింజర్ రైళ్లన్నీ నిలిపేశారు. రైలుబస్సూ నిలిచింది. మిగతా చోట్ల బళ్లు ఒక్కొక్కటిగా మళ్లీ కదిలాయి. కోటిపల్లి బండి కదల్లేదు. నెలలు సంవత్సరాలయ్యాయి. పట్టాల మధ్య గడ్డి మొలిచింది. నష్టాల లెక్క చెప్పి ఈ లైనుని పక్కన పెట్టడం తేలికే. టిక్కెట్టు డబ్బుతో మాత్రమే లెక్క వేస్తే డెల్టాలో ఏ రేవూ, ఏ కాలవ పడవా ఎన్నడూ నడిచి ఉండేది కాదు.

ఏరు దాటే లైను పని కూడా తెమల్లేదు. కోటిపల్లి–నరసాపురం కొత్త లైను 2000–01 బడ్జెట్లో మంజూరైంది. 57 కిలోమీటర్ల దారిలో మూడు పాయలు దాటాలి. కోటిపల్లి దగ్గర గౌతమి, బోడసకుర్రు దగ్గర వైనతేయ, నరసాపురం ఎగువన వశిష్ఠ. ఖర్చులో పావలా వంతు రాష్ట్రం పెట్టుకోవాలన్న షరతు దగ్గర, భూసేకరణ దగ్గర ఏళ్లు దొర్లిపోయాయి. గౌతమిలో స్తంభాలు లేచాయి. ముక్తేశ్వరం పంటెక్కినవాళ్లు వాటిని చూసుకుంటూ ఏరు దాటడం అలవాటు చేసుకున్నారు. ఆ స్తంభాల మీదికి పట్టాలు రావాలి, వస్తే మంచిదే. అప్పుడు కోటిపల్లి ఆఖరి స్టేషన్ కాకుండా పోతుంది, అయినా సరే. అంతదాకా ఉన్న 45 కిలోమీటర్ల మీద పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బండి నడపమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కాకినాడ, రామచంద్రపురం, అమలాపురం, యానాం వాళ్లంతా ఒక్క గొంతుతో అడగాల్సిన విషయం ఇది.

ఇంకొక పని ఉంది, దానికి ఏ మంజూరూ అక్కర్లేదు. యానాం రేవులో పంటు నడిపినవాళ్లు, టిక్కెట్లు కోసినవాళ్లు, తట్టలతో దాటినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. రైలుబస్సులో రోజూ తిరిగిన పిల్లలకి ఇప్పుడు ఇరవై, ముప్ఫై ఏళ్లుంటాయి. వాళ్ల దగ్గర ఫోటోలుంటాయి, మాటలుంటాయి. వాటిని ఒక చోట చేర్చండి. మొదటి రైలు సంగతి ఇంకా తొందరైనది. 1940లో కోటిపల్లి పట్టాలు ఊడదీస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన పదేళ్ల పిల్లవాడికి ఇవాళ తొంభై అయిదు దాటాయి. మీ ఊళ్లో, మీ ఇంట్లో అలాంటి తాతగారో అమ్మమ్మో ఉంటే వెళ్లి పక్కన కూర్చుని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.